నెమ్మదిగా చేరే విమానం

విమానం టికెట్లమ్మే కొట్టు. ప్లీడరుగారు కుర్చీ అంచున కూర్చున్నారు. టికెట్లాయన కంప్యూటరు మీంచి కళ్ళు తిప్పలేదు.

"మొత్తం తొమ్మిది వేల కిలోమీటర్లండీ. ఎక్కడా దిగకుండా పదకొండు గంటలు. ఇవాళ రాత్రి భోంచేసి ఎక్కారంటే, రేపు మీ అన్నగారి మంచం పక్కనుంటారు."

"అంత తొందరగానా?"

"తొందరగా చేరడానికేగా ప్లీడరుగారూ, జనం విమానం ఎక్కేది."

"అది కాదయ్యా. మధ్యలో ఎక్కడైనా ఆగేది లేదా?"

"ఉందండీ. ఒకచోట ఆరు గంటలు ఆగుతుంది."

"ఆరేనా?"

"ఇంకోటుంది. ముందు వెనక్కి తీసుకెళ్ళి, అక్కడ ఒక రాత్రి పడుకోబెట్టి, మళ్ళీ మన ఊరి మీదుగానే ఎగురుతుంది. ముప్ఫై నాలుగు గంటలు. మామూలుగా దాన్ని ఎవరూ అడగరు. ఈ వారమే..."

"ఈ వారమే?"

"ఏం లేదండీ."

"అది బాగుంది. అదే చూడు."

"కిందకి చూస్తే మీ డాబా కూడా కనిపిస్తుంది."

"వెటకారమా?"

"అయ్యో, లేదండీ. అన్నగారికి రెండు కిడ్నీలూ పోయాయని, ఒకటివ్వడానికి మిమ్మల్నీ తమ్ముడుగారినీ రమ్మన్నారని విన్నాను. తొందరేమో అనుకున్నా."

"తొందరే. ఎవరు కాదన్నారు? పదకొండు గంటలు కూర్చుంటే నాకు మోకాళ్ళు పట్టేస్తాయి."

"ముప్ఫై నాలుగు గంటలైతే పట్టవా?"

"మధ్యలో నడుస్తాగా. మా ఆవిడ కూడా పరుగులు పెట్టొద్దంది. చూడు, అక్కడి డాక్టరు పద్ధతేంటంటే, ముందొచ్చినవాళ్ళకి ముందు పరీక్ష. ఆ కిడ్నీ సరిపోయిందా, రెండోవాడి జోలికి రాడు."

"ఓహో."

"ఓహో ఏంటి? తమ్ముడు నాకంటే పదేళ్ళు చిన్న. రాయిలాంటి ఒళ్ళు. ఒకటి పోయినా వాడికి తెలీదు."

"జేబులోంచి రుమాలు పోయినట్టు."

"మాటకడ్డం రాకు. పొద్దున వాడు నీ కొట్లోంచి బయటికెళ్ళడం చూశాను, కళ్ళు తుడుచుకుంటూ. అన్నయ్యంటే ప్రాణం వాడికి. నేరుగా వెళ్ళేదే తీసుకునుంటాడు, కదా?"

"డబ్బు కట్టారండీ."

"అదే అంటున్నా. ముందు వాడు చేరతాడు. వెనకాల నేను... ధైర్యం చెప్పడానికి."

"ధైర్యానికేం, మీ దగ్గర దండిగా ఉన్నట్టుంది."

"ఆ వెనక్కెళ్ళేదే రాయి. శుక్రవారానికి."

"శుక్రవారం ఖాయమేనా? మళ్ళీ మార్చరుగా?"

"ఖాయం. ఏంటయ్యా, అంత గుచ్చి గుచ్చి అడుగుతావు?"

"తమ్ముడుగారికి ఫోన్ చేసి చెప్పాలండీ. ఆయన డబ్బు కట్టారు గానీ తేదీ వేయించలేదు. మీరు ఏ రోజు తీసుకుంటే దాని మర్నాటికి, ఇదే విమానం రాయమన్నారు."