చింతమొద్దు కాడి మన్ను

మేరీని సమాధి చేసి తొమ్మిది రోజులైంది. శ్రీశైలం డ్యాము నీళ్లలో మునిగి, ఎండాకాలం మాత్రం తేలే పాత ఊరికి గుట్టెక్కి పోతున్నారు ఆమె పిల్లలిద్దరూ, ఆళ్లగడ్డలో ఉండే మోషే, నంద్యాలలో ఉండే చెల్లెలు లూదియా. లూదియా గుట్ట ఎక్కకముందే కోపం ఆమె నెత్తికెక్కింది.

“చెయ్యి ఇయ్యి మే, జార్తాది.”

“నీ చెయ్యి నాకొద్దన్నా. ఆ చేత్తోనే గదా తవ్వుకొచ్చింది.”

“మొన్నటి వానకు గుట్టంతా ఊటలు పట్టింది. యాడ చూసినా బురదే. ఇంగో దినం వస్తాంలే, పా.”

“ఇంగో నాలుగు వానలు పడితే ఊరు మల్లా మునుగుతాది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కింది నువ్వు, కడుగుతాండేది నేను.”

“నేనేం తొక్కినా?”

“ఏం తొక్కినావా? ‘పాత ఊర్లో సమాధి కాడి మన్ను పిడికెడు తెచ్చి నా పెట్టె మీద ఏయండి’ అనె అమ్మ. అడిగింది అదొక్కటే.”

“తెచ్చినా గదా.”

“యాడిది తెచ్చినావ్? నీ కొడుకు అభిషేక్ చెప్పినాడు నాకు. చింతమొద్దు కాడ తవ్వినావంట.”

“వానికేం తెలుసు.”

“వానికి తెలీదు, సరే. నీకు? ఇదో, పైకొచ్చినాం. చూడు. ఆ నీళ్లు సముద్రం మాదిరి ఉండాయే, ఆ గట్టున చర్చి మెట్లు కనపడ్తాండాయా?”

“ఆ.”

“మెట్ల కాన్నుంచి మూడో సమాధి ఎవరిది?”

“నాయనది.”

“చింతమొద్దు కాడిది?”

“ఎండ మండుతాంది, నీళ్లు తాగు.”

“ఎవరిదన్నా?”

“జకరయ్యది.”

“జకరయ్యది! మనింటి గడప తొక్కనోనిది! అమ్మ ఆయప్ప పేరు గూడా ఎత్తేది కాదు. అట్లాంటోని మన్ను అమ్మ గుండెల మీద పోస్తావా? తాగి ఉన్న్యావా ఆ పొద్దు?”

“తాగలే.”

“ఏటేటా ఈ గుట్టెక్కి, ఈ బండ మీదనే కూచ్చోని, పొద్దు గూకేదాకా ఏడ్చేది అమ్మ. నలభై ఏండ్లు, నాయన కోసం! ఆమె కొడుక్కి మూడు దాకా లెక్క రాకపాయె.”

“లూదియా, ఇంటికి పోదాం పా.”

“పోను. ఈ సంచిలో నాయన మన్ను ఎత్తుకుంటా. రేపు పాస్టరయ్యను పిలిపిచ్చి, సమాధి తవ్విచ్చి, ఆ జకరయ్య మన్ను తోడి పారేసి...”

“తవ్వొద్దు మే.”

“తవ్విస్తా. ఆళ్లగడ్డంతా చూసినా సరే.”

“అమ్మను కదిలీయొద్దు. నీ కాళ్లు మొక్కుతా.”

“తప్పు చేసి కాళ్లు మొక్కితే అయిపోతాదా? ఎందుకు తవ్వొద్దో చెప్పు!”

“నేను లెక్క తప్పలే మే. పోయినేడు ఈ బండ మీదనే కూచ్చోని, అమ్మే వేలు పెట్టి చూపిచ్చింది. ‘మీ నాయనది కాదప్పా, ఆ చింతమొద్దు కాడిది’ అనింది.”