అయిదుగురిలో ఒకటి

బిలాస్‌పూర్‌లో గూడ్సు వ్యాగన్లు బాగుచేసే ఒక కాంట్రాక్టు కంపెనీ ఆఫీసు. కంప్యూటర్ ముందు కొత్తగా చేరిన శ్రీవల్లి. ఎదురు కుర్చీలో నీలవేణి, చేతిలో రేటింగు కాయితం. ఇక్కడే పనిచేసిన ఆమె భర్త జగన్నాథం ఫిబ్రవరిలో గుండెపోటుతో పోయాడు.

“ఒకటంటే ఫస్టే కదేటి?”

“కాదు పిన్నీ. ఇది స్కూలు ర్యాంకు కాదు. ఇక్కడ అయిదు అన్నిటికన్నా పైన, ఒకటి అన్నిటికన్నా కింద.”

“కిందా? పద్దెనిమిదేళ్ళు చేసిన మనిషికి?”

“చాయ్ చెప్పనా?”

“చాయ్ ఏటి చాయ్! ఆయన పోస్టు నాకిస్తామన్నారు. ఇప్పుడు ఈ కాయితం చూసి కుదరదంటన్నారు.”

“రూలు పిన్నీ. చివరి ఏడాది రేటింగు మూడైనా ఉంటేనే ఇంట్లోవాళ్ళకి ఉద్యోగం.”

“నీకా రూలు ముందే తెల్సా?”

“లేదు, నిజంగా లేదు. నిన్ననే... నిన్ననే చూశాను.”

“ఆయన చేసిన తప్పేటి? రాసుంటారు కదా, చదువు.”

“ఏమీ రాయలేదు.”

“ఏమీ?”

“ఖాళీ. మా టీములో అయిదుగురం. ఎవరో ఒకరికి ఒకటి పడాల్సిందే. పడకపోతే సాఫ్ట్‌వేర్ లిస్టు తీసుకోదు. బస్, అంతే.”

“ఎవరూ తప్పు చెయ్యకపోయినా?”

“చెయ్యకపోయినా.”

“అచ్ఛా. పోయినేడు ఎవరికి పడ్డాది?”

“బంగార్రాజు గారికి, ఎలాగూ రిటైరైపోతున్నారని. అంతకుముందు ప్రవీణ్‌కి, మానేసి రాయ్‌పూర్ వెళ్ళిపోయాడు కదా. వెళ్ళిపోయేవాళ్ళకి వేసేస్తే ఉన్నవాళ్ళకి దెబ్బ తగలదు. కొత్తగా చేరినవాళ్ళకి పడిందా, ఇంటికే.”

“అయితే మా ఆయన కూడా వెళ్ళిపోయినాడని వేసీసినారు.”

“పోయిన మనిషికి ఇంక్రిమెంటుతో పనేముంది, ఎవరికీ నష్టం లేదు కదా అని...”

“ఎవులన్నారా మాట? రేటింగులేసే రాజేంద్ర సారేనా?”

“సార్ అనలేదు.”

“మరి?”

“సార్... చచ్చిపోయినవాడి మీద మచ్చ వెయ్యనన్నారు. బాబాయికి నాలుగు రాసిచ్చారు.”

“నాలుగా! మరి ఇందులో ఒకటుందేటి?”

“సార్ రాసింది పెన్నుతో. ఇది కంప్యూటర్లోంచి వచ్చింది.”

“కంప్యూటర్లో ఎక్కించింది నువ్వేనా?”

“నేనే.”

“తల దించుకోకమ్మా, ఇటు చూడు. మా ఆయనకి నాలుగు రాసిన మనిషి, ఆ ఒకటి ఎవులికి రాసినాడు?”

“నాకు, పిన్నీ.”