మౌన పాఠం

ఆ ఇంట్లో పిల్లకు ఇల్లే బడి, అమ్మే పంతులమ్మ. వేసవిలోనూ పాఠాలు ఆగవు.

"చిట్టి పలకడం లేదండీ! ఇల్లంతా వెతికాను."

"మేడమీద నీళ్ల తొట్టి చూశావా?"

"మూత తీసి ఉంది. తొంగి చూడటానికి నాకు ధైర్యం చాలలేదు."

"ఉండు, నేను చూస్తాను... లేదు, తొట్టిలో లేదు. దేవుడు చల్లగా చూశాడు. మరి వీధి తలుపు?"

"గడియ వేసే ఉంది. గొంతు పోయేలా అరిచాను, ఇంట్లో ఉంటే పలకదూ?"

"ఆగు. ఇప్పుడు ఏ పాఠం?"

"మౌన పాఠం. నేను గంట కొట్టేదాకా ఎవరు పిలిచినా పలక్కుండా చదువుకోవాలని... అయ్యో, నేనే చెప్పానండీ!"

"అయితే కొట్టవే తల్లీ, ముందు ఆ గంట కొట్టు!"

గంట మోగగానే, చుట్టిపెట్టిన పరుపుల వెనక నుంచి సన్నటి గొంతు వినిపించింది.

"నువ్వు ఏడ్చినా పలకలేదమ్మా. బాగా చేశానా?"