సోమవారం నుంచి వచ్చేయండి

సభకు అధ్యక్షత వహిస్తున్న మన కళాశాల చైర్మన్ గారికి, నాకంటే ముందు మాట్లాడి నేను దాచుకున్న మంచి మాటలన్నీ వాడేసిన పెద్దలకు, తోటి అధ్యాపకులకు, వెనక వరుసల్లో ఉన్న విద్యార్థులకు, చదువు అయిపోయినా ఇంకా విద్యార్థులుగానే వస్తున్న పాత విద్యార్థులకు, ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న మన శిక్షణ విభాగం మాస్టారికి నమస్కారం.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఆర్థికశాస్త్రం చెప్పేదాన్ని కాబట్టి నాకు ఆ సుఖం రోజూ ఉంటుంది. ఈ రోజు మాత్రం కాస్త బెరుగ్గా ఉంది. సభ మొదలయ్యే ముందు చైర్మన్ గారు నన్ను పక్కకు పిలిచి, "మేడమ్, రేపటి నుంచి మాస్టారి కుర్చీ మీదే. ఆ మాట మీ నోటితోనే చెప్పండి. పనిలో పనిగా ఈ ఏడు కూడా మన పిల్లలకు నూటికి నూరు ఉద్యోగాలని ఒక్క ముక్క అనేయండి. అడ్మిషన్ల ముందు బావుంటుంది" అన్నారు. అంత మర్యాదగా అడిగితే కాదనడం నాకు చేతకాదు. అవుననడమూ చేతకాదు. అందుకని ముందు మాస్టారి సంగతి మాట్లాడి, ఆ ముక్క సంగతి తర్వాత చూస్తాను.

పై అంతస్తులో చివరి గది మాస్టారిది. ఒక బల్ల, అటొక కుర్చీ, ఇటొక కుర్చీ, మేకుకు వేలాడే ఒక టై. కంపెనీలు రావడం తగ్గిపోయి, ఫోను చేస్తే "మార్కెట్ బాగాలేదండీ, వచ్చే ఏడు చూద్దాం" అనడం మొదలుపెట్టాక, ఈయన ఆ టై కట్టుకుని తానే కంపెనీ అయిపోయారు. పిల్లలు ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, గుమ్మం దగ్గర గొంతు సవరించుకుని లోపలికి వెళ్లేవాళ్లు. ఈయన అడగాల్సినవన్నీ అడిగి, చివర లేచి చెయ్యి కలిపి, "సోమవారం నుంచి వచ్చేయండి" అనేవారు. వాళ్లు నిజంగానే సోమవారం వచ్చేవాళ్లు, ఇంకో ఉత్తుత్తి ఇంటర్వ్యూకి. (నవ్వులు) "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మాస్టారూ" అన్నాను ఒకసారి. ఆయన టై విప్పుతూ, "పేరైనా సిద్ధంగా ఉండనీ అమ్మా, తీరా పుట్టాక వెతుక్కోకుండా" అన్నారు.

ఆయన హయాంలో ఆ గది బోర్డు ఎన్నిసార్లు మారిందో ఆయనకే తెలియాలి. డిగ్రీ ఉంటే చాలన్నప్పుడు ఒక పేరు, డిగ్రీతో పనేముంది, చేతివృత్తి కావాలన్నప్పుడు ఇంకొకటి, వృత్తి కాదు నైపుణ్యమన్నప్పుడు మరొకటి. లోపల బల్ల మాత్రం అదే. పెయింటరు నిచ్చెన మీది నుంచి "పాత అక్షరాలు గీకేయమంటారా, మీదే వేసేయమంటారా?" అనడిగితే, "మీదే వెయ్యి నాయనా, ఎలాగూ మళ్లీ వస్తావుగా" అన్నారు మాస్టారు. ఆ తర్వాత ఒక అతిథి వచ్చి, మీరు ఉద్యోగాలు అడిగేవాళ్లు కాకూడదు, ఇచ్చేవాళ్లు కావాలని గంటసేపు ఉపదేశించారు. మేమంతా లాయరని పిలిచే పిల్ల లేచి, "సార్, అందరం ఇచ్చేవాళ్లమే అయితే పుచ్చుకునేదెవరు?" అనడిగింది. ఆయనకు అప్పటికప్పుడు బండి టైమైపోయింది. (నవ్వులు)

ఆ లాయరు పిల్ల వల్లే ఇంకొకటీ జరిగింది. మాస్టారి గదిలో ఒక ఆనవాయితీ ఉంది. ఇంటర్వ్యూ అయ్యాక, చేసినవారిలో లోపమేమిటో పిల్లలు కూడా చెప్పాలి. ఒకరోజు, ముందుగా కబురు లేకుండా, ఒక నిజం కంపెనీ అధికారి వచ్చి కూర్చున్నారు. మాస్టారు స్నేహితుణ్ని ఎవరినో సాధనకు తెచ్చారనుకున్నారు పిల్లలు. మన లాయరు అన్నిటికీ జవాబులు చెప్పి, "ప్రశ్నలు బావున్నాయి సార్. కానీ మీరు మా కళ్లలోకి చూడట్లేదు. ఏదో భయపడుతున్నట్టున్నారు" అంది. ఆయన కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉండి, "మా దగ్గర వచ్చే నెల మనుషుల్ని తీసేస్తున్నారమ్మా. నన్ను ఊరికే చూసి రమ్మన్నారు, ఎవర్నీ తీసుకోమనలేదు" అన్నారు. పోతూ పోతూ మాస్టారిని, ఇక్కడేమైనా ఖాళీ ఉందా అని అడిగారు. ఆ ఏడు మేం ఇప్పించగలిగిన మంచి ఉద్యోగం అదొక్కటే, అదీ ఉద్యోగమివ్వడానికి వచ్చిన మనిషికి. ఇప్పుడాయన మన దగ్గర సంభాషణ నైపుణ్యాలు బోధిస్తున్నారు. లేచి నిలబడనక్కర్లేదు సార్, అందరూ మీవైపే చూస్తున్నారు. (నవ్వులు)

మరి నూటికి నూరు ఎలా వచ్చిందని కొత్తవాళ్లు అడగవచ్చు. చాలా సులువు. ఉద్యోగం దొరకనివాళ్లను మనమే ఇంకో కోర్సులో చేర్చుకుంటాం. చదువుకునేవాణ్ని నిరుద్యోగి అనలేం కదా. అది అయ్యాక మరొకటి. మా అక్క కూతురు ఇప్పుడు మూడో కోర్సులో ఉంది, ఆ కిటికీ పక్కనే కూర్చుంది. మొన్న నాతో కలిసి ఇంటికి నడిచి వెళ్తూ, "పిన్నీ, ఏం చదువుతున్నావని అమ్మ అడిగితే చెప్పగలను. ఎందుకని అడిగితే ఏం చెప్పను?" అంది. పాతికేళ్లుగా పాఠాలు విన్నదాన్ని, చెప్పినదాన్ని, దారి పొడవునా దుకాణాల బోర్డులు చదువుతూ నడిచాను.

ఆ గది మోసమా, దయా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. మోసమే అనుకున్న ప్రతిసారీ, అక్కడికి రావడం కోసమే పొద్దున లేచి తల దువ్వుకుంటున్న పిల్లలు గుర్తొస్తారు. పోనీ దయ అనుకుందామంటే, మా అక్క కట్టిన మూడు ఫీజులు గుర్తొస్తాయి. పోయిన వారం మాస్టారిని ఒక ట్యూషన్ సెంటరువారు ఇంటర్వ్యూకి పిలిచారు. పింఛను లేని ఉద్యోగం కదా, విశ్రాంతి ఎక్కడిది? సాధన కావాలని పిల్లలనే అడిగారు. వాళ్లు ఆయన్ని ఇటువైపు కుర్చీలో కూర్చోబెట్టి, "ఐదేళ్ల తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?" అని ఆయన నేర్పిన ప్రశ్నే వేశారు. "ఈ గదిలోనే. మీరు ఇంకా ఇక్కడే ఉంటే" అన్నారాయన. అందరూ నవ్వుతారనుకుని నేనూ నోరు తెరిచాను. ఎవరూ నవ్వలేదు.

చైర్మన్ గారూ, కుర్చీ తీసుకుంటాను. ఆ ముక్క మాత్రం అనలేను. అడ్మిషన్లకు వచ్చే తల్లిదండ్రులకు, నలుగురిలో ఒకరికి పని దొరికిందని, ఆ పనికీ చదివినదానికీ చుట్టరికం లేదని చెబుతాను. ఇంకో కోర్సులో చేరతామని వచ్చేవాళ్లను ఎందుకని అడుగుతాను, మా అక్క కూతురితో మొదలుపెట్టి. సీట్లు నిండకపోవచ్చు. నిండకపోతే ముందు ఊడేది నా ఉద్యోగమే, ఆర్థికశాస్త్రం కావాలని ఎవరూ క్యూ కట్టడం లేదు. నేను చేస్తున్నది ధైర్యమో తొందరపాటో ఇంటికెళ్లాక రాత్రంతా ఆలోచిస్తాను, ఆ సంగతి మా ఇంట్లోవాళ్లకు తెలుసు. మాస్టారూ, మీరు తల ఊపుతున్నారు. అది అవుననో కాదనో ఇక్కణ్నుంచి తెలియడం లేదు. అయినా మీరున్నారనే ధైర్యంతోనే అనేశాను.

ఓపిగ్గా విన్న అందరికీ, మైకు ఆపించని చైర్మన్ గారికి మరీ మరీ కృతజ్ఞతలు. ఇక్కడ నాకు మళ్లీ మాట్లాడే చోటు ఉంటుందో లేదో తెలియదు కనుక, ఎంతకాలానికని చెప్పకుండానే, సెలవు.