వేలుసామీ, రాతిబావీ

సమాధుల దొడ్డి వెనక, గోడ అవతల, రాతిబావి ఉంది గదా, అటు మీరెవరూ పోరు. నీళ్ళు లేకనా? మండువేసవిలో కూడా రెండు నిలువుల నీళ్ళుంటాయి అందులో, అయినా ఎవరూ చేద వెయ్యరు, గొడ్లను కూడా చుట్టూ తిప్పి చేల మీదుగా తోలుకుపోతారు. ఎందుకే అంటే దయ్యం ఉందంటారు, ఎవరి దయ్యమే అంటే శౌరయ్య దయ్యం అంటారు, మీ అమ్మలూ అదే చెప్పారు, వాళ్ళ అమ్మలూ అదే చెప్పారు. శౌరయ్య అక్కడ లేడర్రా. ఆ బావి దగ్గర నుంచి వెళ్ళిపోయి ముప్ఫై ఏళ్ళయింది. ఎక్కడికి పోయాడో నాకొక్కదానికే తెలుసు. వచ్చే పండక్కి నేనుంటానో ఉండనో, అందుకని ఇయ్యాల చెప్తన్నాను. మీరు ఆ రంగుకాయితాలు అంటిస్తానే ఉండండి, చేతులు ఆపమాకండి, తెల్లారితే పండగ.

శౌరయ్య సున్నాలు వేసేవాడు. ఏటా పండగ ముందు మన గుడికి సున్నం కొట్టేది అతనే. మహా మాటకారి, దారినపోయే వాళ్ళని పిలిచి, కాసేపు కూసోని పో, అనేవాడు, కూసుంటే ఇంక లేవనిచ్చేవాడు కాదు. ఒక ఏడు పండగ నాలుగు రోజులుందనగా, గుడిపెద్ద లూర్దయ్య వచ్చి, పోయినేటి సున్నం పెచ్చులూడిందని పదిమందిలో నానా మాటలూ అన్నాడు. శౌరయ్య సున్నంలోకి నీళ్ళు తెస్తానని రెండు బిందెలు తీసుకుని, మిట్టమధ్యాహ్నం ఆ బావికి పోయాడు, పోయినవాడు మళ్ళా రాలేదు. పాచిరాయి మీద కాలు జారిందో, ఆ మాటలు పడలేక తనే దూకాడో, చూసినవాళ్ళెవరు? ఎవరూ లేరు. లూర్దయ్య మాత్రం దూకాడనే అన్నాడు. కాలు జారిందంటే ఆ బావికి గట్టు కట్టించని గుడిపెద్దది తప్పయిద్ది గదా మరి. ఆ రోజుల్లో పట్టింపులు ఎక్కువ, తనంత తను చచ్చినవాడికి పూజ లేదు, గంట లేదు, దొడ్డిలో చోటు లేదు. గోడ అవతల బావి పక్కనే గుంట తీసి పూడ్చారు, సిలువ కూడా పాతనివ్వలేదు.

అతని పెళ్ళాం మార్తమ్మ. అప్పటికి ముప్ఫై ఏళ్ళుంటాయేమో, పిల్లల్లేరు. గుడి ఊడవటం, పీఠం మీద గుడ్డలు ఉతకటం, ఇత్తడి సామాను తోమటం ఆవిడ పని. మొగుణ్ణి లోపలికి రానివ్వని గుడినే తెల్లారి లేచి మళ్ళా ఊడ్చింది. మాది పక్కిల్లు, ఎట్లా ఊడ్చావే అని నేనడిగితే, ఊడవకపోతే ఇంకెక్కడికి పోనక్కా, అంది.

ఏడాది తిరగలేదు, మధ్యాహ్నం పూట అటుగా పోయేవాళ్ళకి బావి దగ్గర మాట వినపడటం మొదలెట్టింది. కాసేపు కూసోని పో, అని. మనిషి కనపడడు, మాట మాత్రం పక్కన నిలబడి అన్నట్టే ఉండిద్ది. ఒకడికి జ్వరం తగిలింది, ఒకడు చెప్పులు అక్కడే వదిలేసి పరిగెత్తాడు, ఆ తర్వాత అటు పోవటమే మానేశారు. మార్తమ్మ మాత్రం ఏం చేసిందనుకున్నారు? రోజూ గుడిపని అయ్యాక అన్నం గిన్నె పట్టుకుని అక్కడికే పోయేది. కాసేపు కూసోని పో, అనేవాడతను, ఈవిడ కూసునేది. ఆ ఒక్క మాట తప్ప ఇంకో మాట అతనికి రాదు. ఈవిడే ఊళ్ళో కబుర్లన్నీ చెప్పుకుంటా అన్నం తిని, గిన్నె కడుక్కుని వచ్చేసేది. అట్లా పదమూడేళ్ళు. భయం లేదా అంటే, మా ఆయనకి నేను భయపడటమేంది, అనేది.

భయం లేదుగానీ బాధ ఉండేది. అతనట్లా దారిన పోయేవాళ్ళని పిలుస్తా ఉన్నాడంటే ఆత్మకి ఇంకా తెరిపి దొరకలేదన్న మాటే గదా. సకల ఆత్మల పండగనాడు ఊరంతా సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగిస్తారు, ఫాదరుగారు ఒక్కొక్క సమాధి మీదా తీర్థం చల్లుకుంటా గోడ దాకా వచ్చి వెనక్కి తిరిగిపోతారు. గోడ అవతల మార్తమ్మ ఒక్క కొవ్వొత్తి పెట్టుకుని గాలికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూసునేది. నా ఒక్కదాని జపం ఆయనకి చాలటం లేదక్కా, ఊరంతా ఒక్కసారి ఆయన ముందు మోకాలేస్తే ఆయన పోతాడు, అనేది. ఏం మాట్లాడతన్నావే, అదెట్లా అయిద్ది, అనేదాన్ని నేను.

ఇప్పుడు వేలుసామి సంగతికి వస్తన్నాను. రేపు మీరు వరసలో నిలబడి ముద్దుపెట్టుకునే సామే. ఎప్పుడో మన తాతల కాలంలో ఒక దొరఫాదరు సముద్రం మీద తెచ్చాడంట ఆ ఎముక, ఏదో దేశపు పునీతుడి వేలికొస. పేరు కాయితం మీద రాసుండేది, దాన్ని చెదలు తినేశాయి, దొరఫాదరు పోయాడు, ఇంక మనకి ఆయన వేలుసామి. చూశారు గదా, దీపపు సెమ్మె లాగా ఇత్తడి కాడ, పైన చుట్టూ కిరణాలు, నడిమధ్యన రూపాయిబిళ్ళంత అద్దం, అద్దం వెనక ఎర్రపట్టు మీద చింతగింజంత ఎముక. వెనక వైపు బిషప్పుగారి లక్కముద్ర. ఏడాదంతా ఇనపపెట్టెలో తాళం వేసి ఉండిద్ది, పండగ ముందురోజు ఫాదరుగారు తీసి తోమటానికి మార్తమ్మకిచ్చేవారు. పండగనాడు ఒక్కొక్కళ్ళు ముద్దుపెట్టుకోగానే అద్దం తుడవటానికి తెల్లగుడ్డ పట్టుకుని పక్కన నిలబడేది కూడా ఆవిడే.

శౌరయ్య పోయిన పదమూడో ఏడు కార్తీకంలో పెద్ద తుపానొచ్చింది. బావి పక్కన మట్టి కొట్టుకుపోయి శౌరయ్య గుంట బయటపడింది. మార్తమ్మ ఎవరినీ పిలవలేదు, తనే ఆ ఎముకలన్నీ ఏరి, గుంట లోతు చేసి, మళ్ళా పూడ్చి ఇంటికొచ్చింది. కాళ్ళు కడుక్కుంటంటే కొంగు ముడిలో ఒక వేలిఎముక మిగిలిపోయుంది. రేపు తీసుకుపోతాలే అని గూట్లో పెట్టింది. మర్నాడు తీసుకుపోలేదు, ఆ మర్నాడూ తీసుకుపోలేదు. పదమూడేళ్ళ తర్వాత మొగుడు ఇంటికొచ్చినట్టుంది, ఎట్లా పంపించుద్ది చెప్పండి?

మిరపకోతలప్పుడు పండగొచ్చింది. తుపాను చెమ్మకి వేలుసామి ఇత్తడంతా చిలుము పట్టి పచ్చగా అయిపోయుంది. ఏటా పొడి బూడిదతో తోమేది మార్తమ్మ, తడి తగలనిచ్చేది కాదు. ఆ ఏడు ఎంత రుద్దినా చిలుము పోలేదు. పోకపోయేసరికి ఇంట్లో బిందెలు తోమినట్టే చింతపండు పిసికి ఆ పులుసులో మొత్తం నానేసింది, నానేసి పీఠం గుడ్డలు ఉతకటానికి పోయింది. వచ్చి చూస్తే ఇత్తడి బంగారంలాగా మెరుస్తంది, లక్క ఊడింది, అద్దం ఊడింది, సామి పులుసులో అడుక్కి పోయి ఉన్నాడు. తీసి, కడిగి, కొంగులో పెట్టుకుని, జిగురు కోసం ఇంటికి పరిగెత్తింది. జిగురు డబ్బా గూట్లో ఉంది, దాని పక్కనే శౌరయ్య ఉన్నాడు.

అక్కడ కూలబడి ఎంతసేపు కూసుందో ఆవిడకే తెలియదు. ఒక అరచేతిలో ఆయన, ఒక అరచేతిలో ఈయన. ఒకే కొలత, ఒకే రంగు. ఒక్క రోజు, అనుకుంది. ఈ ఒక్క రోజు ఊరంతా నా మొగుడికి మోకాలేస్తే చాలు, మళ్ళా మార్చేస్తాను. పాపమని తెలియకనా, తెలిసే చేసింది. ఎర్రపట్టు మీద శౌరయ్యని అంటించింది, అద్దం పెట్టింది, వెనక కొవ్వొత్తి కరగబోసి మూసింది. ఆ వెనక చూసేవాళ్ళెవరు, అందరూ ముందే గదా చూసేది.

పండగనాడు వరస గుడి లోపల నుంచి చెరువుకట్ట దాకా ఉంది. నేనూ ఉన్నాను ఆ వరసలో. మార్తమ్మ మొహం చూసి జ్వరమొచ్చిందేమో అనుకున్నాను. శౌరయ్యని మోసినవాళ్ళు, మోయం పొమ్మన్నవాళ్ళు, సిలువ పాతనివ్వనివాళ్ళు, అందరూ మోకాలేసి ముద్దుపెట్టుకుని పోతన్నారు, ఆవిడ తుడుస్తంది. లూర్దయ్యని కుర్చీలో కూసోబెట్టి తెచ్చారు, మోకాళ్ళు పోయాయి అప్పటికే. ఆ అద్దానికి నుదురానించి, సామీ నా మోకాళ్ళు బాగుచెయ్యి, అని ఏడ్చాడు ముసలాయన. ఆయన కన్నీళ్ళు కూడా మార్తమ్మే తుడిచింది. ఇంకో సంగతి వినండి, పది రోజులకి లూర్దయ్య కర్ర పట్టుకుని నడిచాడు. మా వేలుసామి మహిమ అని ఊరంతా చెప్పుకున్నారు. శౌరయ్య ఎంత మంచోడు కాకపోతే.

మర్నాడు మధ్యాహ్నం మార్తమ్మ అన్నం గిన్నె పట్టుకుని బావికి పోయింది. పునీతుణ్ణి గూట్లో ఉప్పుజాడీ పక్కన పెట్టటం తప్పని, ఇనపపెట్టెకి తాళం పడింది గనక మళ్ళా పండగ దాకా శౌరయ్య గుంటలో దాచింది. దాచి కూసుంది. మాట రాలేదు. చీకటిపడే దాకా కూసుంది, రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. తను కోరుకున్నదే జరిగింది గదా, సంతోషపడాలి గదా? సంతోషపడ్డానక్కా, అని చెప్పి నా ఒళ్ళో తలపెట్టి ఒకటే ఏడుపు. పదమూడేళ్ళ కిందట కూడా అట్లా ఏడవలేదు. మొగుడు పోయాడని అప్పుడు తెలిసింది ఆవిడకి.

వారం రోజులకి బావి దగ్గర ఇంకో మనిషి కనపడ్డాడు. మాట్లాడడు. గోధుమరంగు ముతక అంగీ, నడుముకి తాడు, ఉత్త కాళ్ళు. ఎండలో నిలబడి గోడ వైపే చూస్తా ఉంటాడు, ఎవరన్నా వచ్చి తీసుకుపోతారేమో అన్నట్టు. పునీతులు మోక్షంలో ఉంటారు గదా, దయ్యాలెట్లా అవుతారని మీరు అడగొద్దు, నాకు తెలియదు. దయ్యం కాకపోవచ్చు. ఎక్కడున్నానా అని చూసుకోవటానికి దిగొచ్చాడేమో. మార్తమ్మ, అన్నం తిన్నావా సామీ, అనడిగింది. ఆయనకి మన మాట రాదు, ఈవిడకి ఆయన మాట రాదు. తల వంచాడంట. అయ్యో, దేశం గాని దేశంలో ఈయన నావల్ల ఒంటరివాడయ్యాడే అనిపించింది ఆవిడకి.

మళ్ళా ఏడు పండగొచ్చింది, మళ్ళా తోమటానికిచ్చారు. మార్చేస్తే అన్నీ సర్దుకుపోతాయి. సామి గుడికి పోతాడు, పాపం తీరిద్ది, పైగా మధ్యాహ్నం పూట మొగుడి మాట మళ్ళా వినపడుద్ది. వినాలని ప్రాణం కొట్టుకుపోయింది. కానీ వినపడిందంటే ఏంది అర్థం, ఆయన మళ్ళా తెరిపి లేకుండా దారినపోయే వాళ్ళని పిలుచుకుంటా తిరగటమే గదా. రెండు ఎముకలూ పెడితే పోయేది గదా అంటావా? అక్కడ ఒక్కళ్ళకే చోటమ్మా. పొడి బూడిదతో తోమి, అట్లాగే ఇచ్చేసింది.

ఎముక మార్చిన కాడి నుంచి ఆవిడ పాపసంకీర్తనానికి పోలేదు. పోతే చేసిన పాపం ఫాదరుగారి చెవిన చెప్పాలి, చెప్తే ఆయన ముందు మార్చమంటారు. పాపం చెప్పకుండా పూజలో ఇచ్చే సత్ప్రసాదం తీసుకోకూడదు, తీసుకోలేదు. అందరూ లేచి పీఠం దగ్గరికి పోతంటే ఆవిడ వెనక గోడకి ఆనుకుని నిలబడేది, పదకొండేళ్ళు. పొగరనుకున్నారు జనం. రోజూ మధ్యాహ్నం మాత్రం బావికి పోయి ఆ పరాయి మనిషికి తోడు కూసునేది. మన జపాలు నేర్పానక్కా, పెదాలు కదిలిస్తన్నాడు, అని ఒకసారి చెప్పింది, అదొక్కటే నవ్వుతా చెప్పింది.

పోయేముందు నన్ను పిలిచి ఇదంతా చెప్పింది. ఫాదరుగారు వస్తానంటే వద్దంది. నన్ను దొడ్డిలో పెట్టొద్దు, గోడ అవతల బావి దగ్గరే పెట్టండి, అంది. మొగుడి పక్కన ఉంటానంటుంది పాపం అనుకున్నారందరూ, ఇప్పుడు ఆ పట్టింపులు లేవు లోపలే పెడదామని ఫాదరుగారు ఎంత చెప్పినా వినలేదు. ఆ పునీతుణ్ణి అక్కడ పెట్టింది నేను, నేను లోపల ఎట్లా పడుకుంటానక్కా, అని నాతో అంది.

మార్తమ్మ పోయి పందొమ్మిదేళ్ళు. నేనొకసారి అటు పోయాను. అంగీ మనిషి లేడు. ఆయన పని ఆయన చూసుకుని పోయినట్టుంది, పునీతుడు గదా, ఎవరన్నా దారి చూపించి ఉంటారు. బావి పక్కన ఆడగొంతు వినపడింది. కాసేపు కూసోని పో అక్కా, అని.

అప్పటి నుంచి ప్రతి పండక్కీ వరసలో నిలబడి, అద్దానికి మూతి ఆనించినప్పుడు నేను సామికి మొక్కను. ఒరే శౌరయ్యా, మార్తమ్మ గోడవతల ఒక్కతే ఉందిరా, పిలుచుకోరా, అని చెప్తాను. పందొమ్మిదిసార్లు చెప్పాను. పలకడు. తెరిపి దొరికినవాడికి మన మాట చేరదేమో. రేపు మీరు కూడా చెప్పి చూడండి, ఊరంతా చెప్తే వింటాడేమో. ఫాదరుగారితో చెప్తారా, చెప్పండి, ముసలిదానికి మతిపోయిందంటారు.

ఆ బావి దగ్గరికి మాత్రం పోమాకండి. మార్తమ్మ ఎవరినీ ఏమీ చెయ్యదు. కూసోమనిద్ది, మీరు జాలిపడి కూసుంటారు, ఇంక లేవబుద్ధి కాదు, నేను లేచి రావటానికి పొద్దుగూకింది. మధ్యాహ్నం పూట ఎవరింట్లో వాళ్ళు అన్నం తిని పడుకోండి.