నూనెలో గొడ్డలి, నోట్లో విశ్వాస ప్రమాణం

గ్వాటెమాలా కాఫీ కొండల్లో ఒక వృత్తి విద్యాలయం. గొడ్డళ్లు, ఉలులు చేయడం నేర్పే కొలిమి గది. బసిలియో మేస్త్రి చెప్పే పాఠాన్ని కొత్త ఫారంలోకి ఎక్కించడానికి రాజధాని నుంచి నోయేలియా మేడం దిగింది. సాయంత్రంలోగా ఫారం నిండకపోతే సోమవారం కొలిమిని పీకేసి కంప్యూటర్లు పెడతారట. రాజధాని వాళ్లకు పని కంటే ఫారమే ముద్దు, ఏం చేస్తాం.

“సెకన్లు చెప్పండి మేస్త్రిగారూ, సెకన్లు. ఎర్రగా కాలిన గొడ్డలి నూనెలో ఎన్ని సెకన్లు ఉండాలి?”

“చెప్పానుగా తల్లీ. ఒక విశ్వాస ప్రమాణం చెప్పుకునేంత సేపు.”

“అది ప్రార్థన.”

“ప్రార్థనే. మా తాతా అంతే, మా నాన్నా అంతే. ఉలికి ఒక మంగళవార్త జపం, పలుగుకి ఒక పరలోక జపం, గొడ్డలికి విశ్వాస ప్రమాణం మొత్తం.”

“సర్కారు ఫారంలో ప్రార్థన రాయకూడదండీ. ఏ మతం వాళ్లయినా చేయగలగాలి అని పైనే ఉంది, చూడండి.”

“చేస్తున్నారుగా. పోయినేడు కొత్త చర్చి వాళ్లమ్మాయి ఒకతి చేరింది. మీ ప్రార్థన నేను చెప్పను, మా కీర్తన చెప్పుకుంటానంది. సరే కానీ అన్నా. కళ్లు మూసుకుని అందుకుంది—”

“గొడ్డలి ఏమైంది?”

“ఆ పిల్లకి పూనకం వచ్చింది. గొడ్డలి మధ్యాహ్నం దాకా నూనెలోనే ఉంది.”

“పోనీ, ఫోన్లో టైమర్ పెట్టుకుంటే?”

“అదీ చూశాం. సరిగ్గా ముంచే వేళకి ఒకడికి వాళ్లమ్మ ఫోన్ చేసింది, తమాలే కుడుముల్లోకి కోడా, పంది మాంసమా అని. వాడు ఆలోచనలో పడ్డాడు.”

“జాతీయ గీతమైతే? అది ఏ మతానిదీ కాదు. ఒక చరణం పాడుకుంటే—”

“జాతీయ గీతానికి నిటారుగా నిలబడి గుండె మీద చెయ్యి పెట్టాలి. పటకారు ఎవరు పట్టుకుంటారు, మీరా?”

“వద్దులెండి. ఒక పని చేద్దాం. మీరు పైకి చెబుతూ ముంచండి. నేను గడియారం చూసి సెకన్లు రాసేస్తా. ప్రార్థన మాట మనిద్దరి మధ్యే ఉంటుంది.”

“పైకా? నేను లోపలే చెప్పుకుంటా.”

“లోపల చెప్పుకుంటే నాకేం తెలుస్తుంది? పొద్దు వాలుతోంది మేస్త్రిగారూ. సోమవారం ఇక్కడ కంప్యూటర్లు.”

“నలభై రెండేళ్లు ఈ కొలిమి ముందే బతికా. ఇది పోతే నేనేం కావాలి? సరే, కాస్త అవతలికి జరగండి, నూనె చిందుతుంది.”

“ఊఁ, కానివ్వండి... ముప్ఫై ఒకటి. అయిపోయిందా?”

“అయిపోయింది.”

“అవలేదే. మా అమ్మమ్మ నన్ను మోకాళ్ల మీద నిలబెట్టి మరీ నేర్పింది. చివర ఇంకో ముక్క ఉంది.”

“ఉంటే ఉంటుంది. ముప్ఫై ఒకటి, రాసుకోండి.”

“పాప క్షమాపణ అన్నారు, గొడ్డలి తీసేశారు. చనిపోయినవాళ్లు లేస్తారన్నది చెప్పలేదు.”

“గొంతులో పొగ.”

“అయితే ఇంకో రెండుసార్లు. మూడూ ఒకేలా రావాలి.”

“ఇంకో రెండు గొడ్డళ్లు కాలి సిద్ధంగానే ఉన్నాయి, ఇదిగో ముంచుతున్నా.”

“ముప్ఫై ఒకటి. మళ్లీ అక్కడే ఆపారు... ఇదీ ముప్ఫై ఒకటే. ఇదీ అక్కడే.”

“ఒకేలా వచ్చాయిగా. ఇక రాసుకోండి.”

“రాస్తా, రాస్తా. చివరి గడి. బాగా లేదని తిరిగొచ్చిన గొడ్డళ్లు ఎన్ని?”

“లేవు.”

“ఈ ఏడా?”

“తొమ్మిదేళ్లుగా.”

“ఒక్కటి కూడానా? అంతకు ముందు?”

“అంతకు ముందు పదింట్లో రెండో మూడో వచ్చేవి. అంచు బిస్కెట్టులా విరిగేది. బజార్లో నవ్వేవాళ్లు.”

“మరి తొమ్మిదేళ్ల కింద ఏం మార్చారు? ఇనుమా?”

“అదే లారీ కమాను పట్టీ.”

“నూనె?”

“అదే నూనె.”

“బొగ్గు?”

“బొగ్గు మారిస్తే ఏమొస్తుంది?”

“మేస్త్రిగారూ, నన్ను చూసి చెప్పండి.”

“ఒటీలియా పోయింది. నా భార్య. మట్టి చేసి వచ్చి, మర్నాడు గొడ్డలి ముంచాను. ఆ ముక్క దగ్గరికొచ్చేసరికి నోరు పెగల్లేదు. చెయ్యి దానంతటదే తీసేసింది. అప్పట్నుంచీ అంతే. నమ్మని మాట ఎలా అనమంటారు?”

“అయ్యో... ఉండండి, ఉండండి. మీరు అయిదారు సెకన్లు ముందే తీస్తున్నారు. లోపల కాస్త వేడి మిగులుతోంది. ఆ వేడికే పెళుసుతనం పోతోంది. అంటే మీ నాన్న, మీ తాత, అందరూ ఎక్కువసేపు ముంచారు. మీదే సరైన లెక్క.”

“ఊఁ.”

“ముప్ఫై ఒక్క సెకన్లు. ఫిర్యాదులు లేవు. ఇదిగో సంతకం, ఇదిగో ముద్ర. ఇక ఈ కొలిమిని ఎవరూ కదపలేరు. కాస్త నవ్వండి మేస్త్రిగారూ. తొమ్మిదేళ్లలో ఒక్క గొడ్డలీ తిరిగి రాలేదంటే మాటలా?”

“అదే కదమ్మా నా ఏడుపు. ఆ ముక్క వదిలేసినందుకు ఒక్క గొడ్డలైనా విరిగి వస్తే, తప్పు నాదే, ఆ మాట నిజమే, ఒటీలియా లేస్తుంది అనుకుందామని తొమ్మిదేళ్లుగా ఆ గుమ్మం వైపే చూస్తున్నా.”