ఏనుగుల చేత గుంజీళ్ళు తీయించిన తుపాకీ

కాణిపాకంలో గుడికి పోయే దోవలో నిర్మలమ్మ టీ అంగడి ఉంది. ఆ అంగట్లో పాలకన్నా ముందు పొంగేవాడు బొమ్మల మునిచంద్ర. పాలు పొంగితే నిర్మలమ్మ మంట తగ్గిస్తుంది. మునిచంద్రకు మంట తగ్గించే మీట ఎక్కడుందో ఆమెకే కాదు, కట్టుకున్న దేవకమ్మకు కూడా ఇంతవరకు దొరకలేదు.

వినాయక చవితి దగ్గర పడింది. ఆ మధ్యాహ్నం మునిచంద్ర ఎప్పుడూ లేనంత నిటారుగా కూర్చున్నాడు. ఒళ్ళో తువ్వాలు చుట్టిన మూట ఒకటి. ఎదురు బల్ల మీద తిరుపతి చక్రధర్. చక్రధర్ అంటే బొమ్మల టోకు వ్యాపారి. కాణిపాకం నుంచి కాళహస్తి దాకా గుళ్ళ ముందర వేలాడే బొమ్మలన్నీ అతని గోడౌను నుంచి వచ్చినవే. అతను 'సరే' అంటే ఈ చవితికి మునిచంద్ర చేత్తో చేసిన చెక్క తుపాకులు ప్రతి అంగట్లోనూ వేలాడతాయి. 'వద్దు' అంటే మునిచంద్ర ఉలీ ఆకురాయీ అటక మీద పెట్టేసి, అందరిలాగే లైట్లు వెలిగే బ్యాటరీ తుపాకులు తెచ్చి అమ్ముకోవాలి. బ్యాటరీ తుపాకీ మోత వింటే మునిచంద్రకు ఒళ్ళు మండుతుంది. అది తుపాకీ మోత కాదు, జలుబు చేసిన కప్ప కూత అంటాడు.

"నేను చేసిందేముందన్నా," అని ఎంతో వినయంగా మొదలుపెట్టాడు.

మునిచంద్ర వినయంగా మొదలుపెట్టాడంటే తెలిసినవాళ్ళు చెప్పులు వెతుక్కుంటారు. ఆ పూట బయట తుంపర పడుతోంది కాబట్టి ఎవరూ కదల్లేదు.

"ట్రిగ్గరు లాగితే లోపల పండ్ల చక్రం తిరగతాది. చక్రం పన్ను పొయ్యి రేకు నాలికను ఎత్తి వదలతాది. నాలిక పొయ్యి ఎనకుండే డొప్పను కొడతాది. అంతే కత. బ్యాటరీ లేదు, మందు లేదు. ఎవురైనా చేస్తారు. అయితే ఆ డొప్ప దేంతో చెయ్యాల అనేదే నన్ను నిద్రపోనీలేదు. రేకుతో చేస్తినా, నూనె డబ్బా కిందపడినట్టుండె. చెక్కతో చేస్తినా, ఎవురో తలుపు కొట్టినట్టుండె. నేను పేల్చినప్పుడల్లా మా దేవకమ్మ లేసిపొయ్యి తలుపు తీసి, 'రాండి' అనేది. కడాకు గుడి కాడ కొట్టిన టెంకాయ చిప్ప ఒకటి తెచ్చి, ఎండబెట్టి, అరగదీసి, నాలిక ఎనకాల బిగించినాను సూడు... ఆ తర్వాత ఏమైందో తెలుసునా?"

"చెప్పకుండా ఉంటావా యాడన్నా," అంది నిర్మలమ్మ టీ వడగడుతూ.

"పొయ్యి పక్కన పడుకోనుండే పిల్లి లేసి పరిగెత్తింది. ఈ దినానికీ మా ఇంటి పక్క రాలా!"

చక్రధర్ సెల్‌ఫోను తీసి చూసుకున్నాడు. ఆ చూపు మునిచంద్రకు చీల కొట్టినట్టు తగిలింది. నిజానికి పిల్లి మాట నిజమే. కానీ నిజం అంత చిన్నదైతే టోకు వ్యాపారి ముందు ఎలా నిలబడుతుంది? పిల్లి చాలదు, ఇంకాస్త పెద్ద జంతువు కావాలి అనుకున్నాడు మునిచంద్ర.

"పిల్లి అంటే పిల్లే కదన్నా, దాన్ని వదిలేయండి. పలమనేరు పక్క మా బావమరిది చెనిక్కాయ చేను ఉండాది. అడివి పందులు వచ్చి పంటంతా తవ్వేస్తాండాయని ఏడిస్తే, నేను ఈ తుపాకీ ఎత్తుకోని పొయినాను. ఒక్కటంటే ఒక్కసారే పేల్చినాను. పందులు ఉరికిన ఉరుకుడుకు వాటి నీడలు వాటితో పోలేక చేన్లోనే నిలబడిపొయినాయి! మర్సనాడు పొద్దున ఒక్కో పందీ సిగ్గుపడతా వచ్చి, తన నీడ ఏదో ఎతుక్కోని ఎత్తుకోని పొయింది."

మూలన గరిక కట్టల బుట్ట పక్కన కూర్చున్న కుప్పయ్య తలెత్తాడు. చవితికి గరిక అమ్ముకుందామని పలమనేరు అవతల నుంచి వచ్చిన రైతు అతను.

"పందులొచ్చేది రాత్రిపూట కదబ్బా. నీడలు యాడివి?"

"పున్నమి!" అన్నాడు మునిచంద్ర, రెప్ప కూడా ఆర్పకుండా.

చక్రధర్ ఫోను బల్ల మీద బోర్లా పెట్టాడు. మునిచంద్ర గుండె లోపల చక్రం ఒక పన్ను ముందుకు తిరిగింది.

"పందులు పొయినాయి. ఊపిరి పీల్చుకుందామని గట్టు మింద కూసున్నా. కాళ్ళ కింద నేల అదరతాండాది. ఏందబ్బా ఇది అని తిరిగి సూస్తే ఏనుగులు! ముందర ఒక ముసలి ఏనుగు, దాని ఎనకాల సంసారమంతా. పరిగెత్తేదానికి దోవ లేదు. ఎక్కేదానికి చెట్టు లేదు. దేవుడా అని తుపాకీ ఎత్తి టప్‌మనిపించినాను. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? పారిపొయినాయి అనుకుంటాండారా? లేదు. నిలబడిపొయినాయి. ముసలిది చెవులు నిక్కించి ఇనింది. ఇది కాణిపాకం చిప్ప అని దానికి తెలిసిపాయ. ఇనాయకుడు వాళ్ళింటి మనిషే కదా! అంతే, అన్నీ వరసగా నిలబడి గుంజీళ్ళు తీసినాయి."

"ఏనుగుకు చెవులు పట్టుకునేదానికి చేతులు యాడుండాయి?" అన్నాడు కుప్పయ్య.

"దాని చెవి అది ఎట్ల పట్టుకుంటాదన్నా, నువ్వు కూడా! తొండంతో పక్క ఏనుగు చెవి పట్టుకునింది. ఆ పక్కది దాని పక్కదాని చెవి పట్టుకునింది. వరసలో కడాన ఉండే ఏనుగు పిల్లకు పట్టుకునేదానికి చెవి లేక, పాపం, ఏడుపు మొదలుపెట్టింది. సూడలేక నేనే పక్కకు పొయ్యి నా చెవి ఇచ్చినాను. ఇదో, ఈ ఎడమ చెవి రవంత సాగుంది సూడండి ఇంగా."

నిర్మలమ్మ గరిటె పట్టుకునే వంగి ఆ చెవి వంక చూసింది.

"అది ఎక్కాలు రాలేదని మీ నాయన మెలిపెట్టిందన్నా. ఊరంతా సూసినాం."

"ఆ చెవి వేరే!" అన్నాడు మునిచంద్ర.

చక్రధర్ పెదవి చివర కదిలింది. ఫోను జేబులోకి పోయింది. మునిచంద్రకు సంతోషం ముంచుకొచ్చింది. దాని వెనకే, ఎవరికీ చెప్పుకోలేని బెదురు ఒకటి వచ్చింది. మాట పెరిగేకొద్దీ ఒళ్ళో ఉన్న తుపాకీ చిన్నదవుతోంది. ఏనుగుల దాకా వచ్చాక ఇప్పుడు దాన్ని పేల్చి చూపిస్తే ఏం మోగుతుంది? దానికి ఒకటే మందు ఉంది, ఆపకుండా మాట్లాడటం. ఆపితే గదా ఎవరైనా పేల్చమనేది.

"ఇదంతా ఇని ఏర్పేడు కాడ కాలేజీ పిలకాయలు మా ఇంటికి వచ్చినారన్నా, శబ్దం కొలిసే మిషను ఎత్తుకోని. 'సార్, ఒకసారి పేల్చండి సార్' అని కాళ్ళా యేళ్ళా పడినారు. సరే, చదువుకునే బిడ్డలు కదా అని, ట్రిగ్గరును రవంత గోటితో తాకినాను. మిషన్లో ముల్లు లేసి, కడాదాకా పొయ్యి, అద్దం పగలగొట్టుకోని బయటికొచ్చి, బస్సెక్కి తిరుపతికి పొయింది."

"ముల్లుకు టికెట్టు ఎవరు తీసినారు?" అన్నాడు చక్రధర్. ఆ మధ్యాహ్నం అతను నోరు తెరవడం అదే మొదలు.

"చిన్నది కదన్నా. అర టికెట్టు."

కుప్పయ్య తాగుతున్న టీ ముక్కులోకి పోయింది. మునిచంద్ర ఇక ఆగేలా లేడు.

"ముల్లు పొయింది సరే, శబ్దం ఏమైందో తెలుసునా? పొయ్యి తిరుమల కొండకు తగిలింది. కొండ దాన్ని ఎనక్కి తోసింది. ఆడినుంచి సముద్రం దాటుకోని, ఏయే దేశాలు తిరిగిందో ఏమో, ఒక పొద్దున నేను పండ్లు తోముకుంటా ఉంటే ఎనకనుంచి వచ్చి వీపు మింద ఒక్కటి ఇచ్చింది. నోట్లో ఉండే బ్రష్షు పొయ్యి ఎదురింటి గోడకు గుచ్చుకునింది. తిరిగి సూసినాను. నా శబ్దమే! 'వచ్చినావా నాయనా? ఇంత సన్నబడిపొయినావే, యాడా నీకు తిండి పెట్టలేదా?' అని లోపలికి పిలిసి..."

"ఆగబ్బా," అన్నాడు కుప్పయ్య. టీ కప్పు కింద పెట్టి, మూతి తుడుచుకున్నాడు. "నాదీ పలమనేరు పక్కే. ఏనుగులు మొన్న కూడా మా అరటి తోటలో పడి, కడుపు నిండా మేసి పొయినాయి. నీ కాడ గుంజీళ్ళు తీసినేటివి అవేనో కాదో నాకు తెలీదు, నేను అడగలా. అదంతా ఎందుకు? తుపాకీ నీ ఒళ్ళోనే ఉండాది కదా. ఒకసారి పేల్చు. ఏనుగులు ఇన్నేది మేం ఇనకూడదా?"

మునిచంద్ర తువ్వాలు మూటను పసిబిడ్డలాగా పొట్టకు హత్తుకున్నాడు.

"ఈడనా? నిర్మలమ్మ గ్లాసులన్నీ పగిలిపోతాయి!"

"నావి కాయితం కప్పులన్నా," అంది నిర్మలమ్మ.

"పాలు విరిగిపోతాయి."

"విరిగితే కోవా చేసుకుంటా. పేల్చు."

చక్రధర్ చెయ్యి చాపాడు. ఇక ఇవ్వక తప్పలేదు. అతను తువ్వాలు విప్పి, తుపాకీని అటూ ఇటూ తిప్పి చూసి, పైకెత్తి, ట్రిగ్గరు లాగాడు.

టప్.

మంచి శబ్దమే. గుండ్రంగా, నిండుగా, ఎక్కడా పగులు లేని శబ్దం. కానీ పాలు విరగలేదు. ఎవరూ ఉలిక్కిపడలేదు. బల్ల కింద పడుకున్న కుక్క కన్ను కూడా తెరవలేదు. మునిచంద్ర మెడ మెల్లగా భుజాల్లోకి దిగిపోయింది.

అంగడి చూరు కింద సుబ్బులమ్మవ్వ పూలు కడుతోంది. కొంతకాలంగా ఆమెకు చూపు మసక. వేళ్ళకు మాత్రం కళ్ళున్నాయి. టప్‌మనగానే ఆమె చేతిలో మాల పక్కన పెట్టింది. రెండు చెంపలూ వేసుకుంది. గోడ పట్టుకుని లేచి, చెవులు పట్టుకుని, వంగినంత మేర వంగి ఒక గుంజీ తీసింది.

"ఇనాయకా, సామీ," అని కూర్చుని, చెయ్యి లోపలికి చాపింది. "ఎవురు నాయనా టెంకాయ కొట్టింది? ఒక చిప్ప ఈ పక్క ఇయ్యండి. చట్నీకి లేదు."

అంగడి అంగడంతా విరగబడి నవ్వింది. కుప్పయ్య గరిక బుట్ట మీదకు ఒరిగిపోయాడు. నిర్మలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఏనుగుల్ని నిలబెట్టిన తుపాకీ చట్నీ దగ్గరికి వచ్చి ఆగింది. మునిచంద్ర కళ్ళ ముందు బ్యాటరీ తుపాకులు వరసగా వేలాడుతూ, ఎర్రగా పచ్చగా కన్ను కొట్టాయి.

చక్రధర్ నవ్వలేదు. రోడ్డు వైపు తిరిగి మళ్ళీ లాగాడు. టప్. గుడికి పోతున్న ఒక సంసారం తుంపరలోనే నిలబడిపోయింది. తండ్రి చెప్పులు వదిలి దండం పెట్టాడు. తల్లి చంకలో అంతసేపూ రాగం తీస్తున్న పిల్ల ఏడుపు మాని, చిట్టి చేతులతో తన చెంపలు తానే తట్టుకుంది.

అప్పుడు నవ్వాడు చక్రధర్. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు.

"మునిచంద్రా, నీ పందులు, ఏనుగులు, ఆ బస్సెక్కిన ముల్లు, అన్నీ నువ్వే పెట్టుకో. ఈ శబ్దం మాత్రం నాకియ్యి. ఢామ్‌మనేటివి ఊరంతా ఉండాయి. పేలిస్తే దండం పెట్టే తుపాకీ యాడుంది? ఈ చవితికి కాణిపాకమంతా ఇదే వేలాడాల. ఎన్ని చేసిస్తావు?"

భుజాల్లోకి దిగిన మెడ బయటికొచ్చింది. దాని వెనకే ఛాతీ.

"ఎన్నేందన్నా! నేను ఉలి పట్టుకుంటే చెట్లే నడిసి వచ్చి వరసలో నిలబడతాయి..."

"అన్నా, అదట్లుండనీ," అంది నిర్మలమ్మ. "పాపం అవ్వ చెయ్యి చాపుకోని ఉండాది. ముందు ఆమెకు చిప్ప తెచ్చియ్యి."

మునిచంద్ర పక్క అంగట్లో టెంకాయ కొని తెచ్చి, సుబ్బులమ్మ ముందర గొంతు కూర్చున్నాడు.

"అవ్వా, ఇందాక మోగింది టెంకాయ కాదు. నా తుపాకీ."

"తుపాకీనా! ఓరి నీ పాసుగూలా, నా చేత గుంజీ తీయించినావే!"

"తప్పయిపాయ అవ్వా. ఇదో, ఇప్పుడు నిజంగా టెంకాయ కొడతాండా, ఇను."

మెట్టు రాయి మీద ఒక్క దెబ్బ కొట్టాడు. టప్. అదే శబ్దం, గుండ్రంగా, నిండుగా. టెంకాయ నీళ్ళు మోచేతి మీదుగా కారాయి. అంగట్లో అందరూ మెడలు చాచి చూస్తున్నారు. సుబ్బులమ్మ చెంపలు వేసుకోలేదు. మాల పక్కన పెట్టనూ లేదు. మల్లెకు మల్లె ముడేసుకుంటూనే ఉంది.

రెండు చిప్పలూ రెండు చేతుల్లో పట్టుకుని మునిచంద్ర చక్రధర్ వైపు తిరిగాడు. ఏనుగులు నిజంగానే వచ్చి గుంజీళ్ళు తీసినా అతని ముఖం అంతగా వెలిగేది కాదు. అయినా అవ్వకు చిప్ప ఇవ్వాలి కదా.

"అవ్వా, ఇది నిజం టెంకాయే. నీ మింద ఒట్టు!"

"పోరా అబ్బోడా," అంది సుబ్బులమ్మ తల ఎత్తకుండానే. "మళ్ళా ఆ తుపాకీనే పేల్చినావు. ఒకసారి ఏమారినాను గానీ, రెండోసారి ఏమారతానా?"